ఏడు దొంగ నోట్లు, ఒక కేసు: నా అనుభవం

నేను లాయర్ని కాదు. మాది ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లెటూరు, కాస్త జీడితోట ఉంది, ఊళ్ళో చిన్న జిరాక్స్ షాపు ఉంది, అంతే నా సంగతి. నన్ను లోపలేసినప్పుడు మా బావ (అప్ప, అంటే అక్క మొగుడు, పాతపట్నంలో ఉంటాడు) రాత్రంతా ఫోన్లో వెతికాడంట, తెలుగులో ఏం కొట్టినా "దొంగ నోటు కనిపెట్టడం ఎలాగ" అనే వీడియోలే వచ్చాయి తప్ప, తెలీకుండా ఆ నోటు ఇచ్చేసినోడి మీద కేసు పడితే తర్వాత ఏటవుతాది అన్నది ఒక్కడూ చెప్పలేదంట. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు ఎవరివీ పెట్టను, కేసు ఇంకా పూర్తిగా అయిపోలేదు.

మా వైపు పిక్కల (జీడిపిక్కల) సీజన్లో డబ్బు ఎలగ తిరుగుతాదో ముందు చెప్పాలి. వేసవి వచ్చిందంటే పలాస వ్యాపారుల కోసం కొనే బ్రోకర్లు బొలేరోలేసుకుని ఊళ్ళోకే వచ్చేస్తారు, అరుగు మీదే కాటా పెడతారు, బస్తా అంటే 80 కేజీలు, తేమ ఉందని ఇంత, పుచ్చుందని ఇంత కోసేసి ఒక రేటు అంటారు, బేరం కుదిరితే అక్కడికక్కడే డబ్బు. బిల్లు అనే మాటే ఉండదు. కాటా చీటీ అని ఒకటిస్తారు, సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని మీద బస్తాలెన్ని, తూకమెంత, రేటెంత అని బాల్ పెన్నుతో రాసి కింద ఒక గీత గీసి మొత్తం వేస్తారు. ఆ అట్టముక్కని మా ఆవిడ దేవుడి గూట్లో పెట్టడం అలవాటు, ఎందుకంటే వచ్చే ఏడాది రేటు మాట్లాడేటప్పుడు పనికొస్తాదని. అదే నన్ను బయటికి లాగుతాదని అప్పుడు ఎవరికి తెలుసు.

అయిదు బస్తాలు ఇచ్చాం. మొత్తం 65,000. అందులో 20,000 ఫోన్‌పే కొట్టాడు, లిమిట్ అయిపోయిందన్నాడు, మిగతా 45,000 చేతికిచ్చాడు, అన్నీ 500 నోట్లే. నేను లెక్కపెట్టాను, మా ఆవిడ లెక్కపెట్టింది, సరిపోయింది. ఎవరైనా లెక్కే చూస్తారు గానీ బ్రోకరు ముందర తొంభై నోట్లు ఒక్కోటీ ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూస్తే వాడు ఊరుకుంటాడా, బస్తాలు దింపేసి పక్కింటికి పోతాడు.

స్లాబుకి ఇనుము కావాలి. 40,000 జేబులో పెట్టుకుని పర్లాకిమిడిలో ఎప్పుడూ కొనే ఇనుప కొట్టుకి వెళ్ళాను. షాపాయన కట్ట తీసుకుని నోట్ల మిషన్లో పెట్టాడు, అది టకటకా తిరిగి ఆగిపోయి బీప్ అంది, ఆ నోటు పక్కన పెట్టి మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆగింది. నాకు టీ చెప్పారు, నేను తాగుతూ ఫోన్ చూసుకుంటున్నాను, మిషన్ పాడైందేమో అనుకున్నాను కూడా. ఏడు నోట్లు పక్కకొచ్చాయి. ఆయన వాటిని పేకముక్కల్లాగ పరిచి నా వైపు తిప్పి "చూడు బాబూ, ఈ రెండింటికీ ఒకటే నంబరు" అన్నాడు. చూస్తే నిజమే, ఇంకో జతకి కూడా అలగే ఉంది.

ఆయన నోట్లు నా మొహాన కొట్టి పొమ్మని ఉంటే కథ అక్కడితో అయిపోను అని మా చుట్టాలందరూ ఇప్పటికీ ఆయన్ని తిడతారు. నాకు మాత్రం ఆయన మీద కోపం లేదు. దొంగదని తెలిసాక ఆ నోటు ఎవడు ఎవడికిచ్చినా వాడూ నేరస్థుడే, ఆయనకి ఆ భయం ఉంది, పైగా కౌంటర్ దగ్గర అప్పటికే నలుగురు చేరిపోయారు. ఆయన కొడుకు స్టేషన్‌కి ఫోన్ కొట్టాడు. పోనీ బ్యాంకుకి తీసుకెళ్ళినా పెద్ద తేడా ఉండేది కాదు, రిజర్వ్ బ్యాంక్ రూలు ప్రకారం ఒకేసారి కట్టిన డబ్బులో నాలుగు దాకా దొంగ నోట్లు దొరికితే వాటి మీద ముద్రేసి ఉంచేసుకుని మనకి రసీదిచ్చి నెలాఖరున పోలీసులకి పంపుతారు, అయిదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే మాత్రం వెంటనే ఎఫ్ఐఆరే. నావి ఏడు.

స్టేషన్లో ఐఐసీ (ఒడిశాలో ఇన్‌స్పెక్టర్ని అలగే అంటారు) మరీ చెడ్డోడేం కాదు. ట్యూబ్‌లైట్ కింద ఒక అసలు నోటు, ఒక దొంగ నోటు పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. అసలు దాని తీగని వాలిస్తే ఆకుపచ్చ పోయి నీలం వచ్చింది, దొంగదానికి మెరుపు కాగితం అతికించినట్టు ఉంది, ఎటు వాల్చినా అదే రంగు. అంచుల్లో అయిదేసి గీతలుంటాయి కదా, గుడ్డివాళ్ళు తడిమి పోల్చుకోడానికి, అవి అసలు నోటు మీద వేలికి గరుకుగా తగులుతాయి, దీని మీద నున్నగా జారిపోయాయి. వెనకాల ఎర్రకోట పక్కన భాషల పట్టీలో తెలుగు లైను అలుక్కుపోయి ఉంది. ఇంత తేడా ఉందా అనిపిస్తాది ఇప్పుడు, పక్కన అసలుది పెట్టుకుని చూస్తున్నాం కాబట్టి. కట్టలో ఉన్నప్పుడు నాకే కాదు, ఆ షాపాయనకీ తెలీలేదు, మిషన్ చెప్పింది.

"ఎవడిచ్చాడు?" అన్నాడు ఒడియాలో.
"పిక్కల బ్రోకరు సార్."
"పేరు?"
"ఫోన్లో పిక్కలు పలాస అని ఉంది సార్."

ఒక కానిస్టేబులు నవ్వేసాడు. నిజంగా నాకు వాడి పేరు తెలీదు, రెండు సీజన్లుగా వాడికే అమ్ముతున్నాం, బాబూ అంటే బాబూ అంతే. నా ఫోన్ తీసుకుని వాడికి కొడితే స్విచాఫ్. ఫోన్ కూడా సీజ్ చేసేసారు. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోండి, సీజర్ లిస్ట్ (ఏమేం సీజ్ చేసారో రాసే కాగితం) ఒడియాలో రాస్తారు, నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, అచ్చు అక్షరాలైతే చదువుతాను గానీ ఆ చేతిరాత దేవుడిక్కూడా అర్థం కాదు, సంతకం పెట్టమంటే పెట్టాను. తర్వాత చూస్తే అందులో ఏడు నోట్లూ నా జేబులో దొరికినట్టు రాసి ఉంది, అప్పటికి అవి కొట్టు కౌంటర్ మీద ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం మీద తర్వాత కోర్టులో చాలా సేపు వాదన నడిచింది.

ఇంటికి తీసుకెళ్ళి సోదా చేసారు. ఊరంతా వీధిలోకొచ్చేసింది, మా అమ్మ గుమ్మంలో కూలబడిపోయింది. బీరువాలో మిగతా పది నోట్లు ఉన్నాయి, వాటిని ఒక్కోటీ ఎత్తి చూసారు, పదీ మంచివే. కొత్త చట్టంలో సోదా, సీజర్ అంతా వీడియో తియ్యాలంట, ఒక కానిస్టేబులు ఫోన్‌తో తీసాడు, అప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను గానీ ఇంట్లో ఇంకే దొంగ నోటూ దొరకలేదు అన్నదానికి అదే సాక్ష్యం అయింది.

మర్నాడు ఎస్‌డీజేఎం (మేజిస్ట్రేట్) కోర్టులో పెట్టారు. మా చిన్నాన్న ఒక తెలుగు ప్లీడరుగారిని మాట్లాడాడు, తెల్లజుట్టు పెద్దాయన, నిదానంగా మాట్లాడతారు. కోర్టు వరండాలో రెండు నిమిషాల్లో సెక్షన్లు చెప్పేసారు. ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్‌లో 179 అంటే దొంగ నోటుని అసలుదిలాగ వాడ్డం, యావజ్జీవం దాకా వెయ్యొచ్చు, నాన్ బెయిలబుల్. 180 అంటే దగ్గర ఉంచుకోవడం, ఏడేళ్ళ దాకా, ఇది బెయిలబులే. పాత ఐపీసీలో ఇవే 489బి, 489సి. రెండింట్లోనూ ఒక మాట ఉంది, "దొంగదని తెలిసి గానీ, దొంగదని నమ్మడానికి కారణం ఉండి గానీ" అని. తెలీనోడికి ఈ సెక్షన్లు అంటవు. "మరి నాకు తెలీదు కదా సార్, వదిలెయ్యొచ్చు కదా" అంటే ఆయన "నీకు తెలీదని నీకు తెలుసు బాబూ, వాళ్ళకి తెలియాలి కదా" అన్నారు. యావజ్జీవం సెక్షన్ ఉంది కాబట్టి అక్కడ బెయిల్ రాదని ముందే చెప్పారు, రాలేదు, రిమాండ్.

జైలు సంగతి ఎక్కువ రాయను. మొదటి రాత్రి పక్కనోడు "ఏ కేసు" అంటే దొంగ నోట్లు అన్నాను, వాడు లేచి కూర్చుని మిషన్ ఎక్కడ పెట్టావ్ అని అడిగాడు, ఎంత చెప్పినా నమ్మలేదు, గొప్పోడ్ని చూసినట్టు చూసి తన దుప్పటి కూడా నాకిచ్చాడు. ఇంకొకడు ఎన్ఐఏ (టెర్రరిస్టు కేసులు చూసే కేంద్ర సంస్థ) వస్తాది, టెర్రరిస్టు కేసు చేస్తారు అని భయపెట్టాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, దొంగ నోట్లని యూఏపీఏలో (టెర్రరిస్టుల మీద పెట్టే చట్టం) కలిపారు, కానీ అది హై క్వాలిటీ నోట్లు గుద్ది, బోర్డర్ దాటించి, దేశం ఆర్థిక వ్యవస్థని దెబ్బకొట్టే ముఠాల కోసం. ప్లీడరుగారు ములాఖత్‌కి వచ్చి అది చెప్పేదాకా నాకు అన్నం దిగలేదు.

సెషన్స్ కోర్టులో బెయిల్ పిటిషన్ వేసాక అసలు పని ఇంటి దగ్గర మొదలైంది, అది చేసింది మా ఆవిడా, మా బావానూ. నా ఫోన్ పోలీసుల దగ్గర ఉండిపోయింది, ఫోన్‌పే హిస్టరీ అందులోనే ఉంది, అయిపోయిందిరా అనుకుంటుంటే మా ఆవిడ బ్యాంకుకి వెళ్ళి స్టేట్‌మెంట్ మీద ముద్ర కొట్టించుకొచ్చింది, అందులో ఆ రోజు తారీఖుతో 20,000 వచ్చినట్టు, పంపినోడి పేరుతో సహా ఉంది. రెండేళ్ళుగా మాకు తెలీని పేరు అలగ తెలిసింది. దేవుడి గూట్లోంచి సిగరెట్ అట్ట తీసింది, దాని మీద 65,000 అని, అందులో 20,000 కొట్టేసి 45,000 అని వాడి చేతిరాతే. మా బావ ఇనుప కొట్టుకి పరిగెట్టి సీసీ కెమెరా రికార్డింగ్ అడిగాడు, కొన్నాళ్ళకి పాతది చెరిగిపోతాది కదా, ఇంకాస్త ఆలస్యమైతే పోను. షాపాయన కాదనలేదు, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు, ఊరికే ఎక్కిస్తే కోర్టు తీసుకోదంట, సాక్ష్య అధినియం (సాక్ష్యాల కొత్త చట్టం) 63 కింద సర్టిఫికెట్ కావాలి, ఆ కాగితం మీద కూడా ఆయనే సంతకం పెట్టాడు. నా మీద ఫోన్ కొట్టిన కొట్టువాళ్ళే నాకు సాయం చేసారు, మనుషులు ఇలగే ఉంటారు మరి.

ఆ వీడియోలో ఏముందంటే, నేను కట్ట మొత్తం విప్పకుండా ఇచ్చాను, మిషన్ ఆగాగి తిరుగుతున్నా కదలకుండా బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాను. ప్లీడరుగారు దాన్నే పట్టుకున్నారు. దొంగ నోట్లని తెలిసినోడు చీకటి పడ్డాక సంతలో ముసల్దాని దగ్గర కూరగాయలు కొని 500 నోటు మారుస్తాడు గానీ, నోట్ల మిషన్ ఉన్న కొట్టుకి, పేరూ ఊరూ తెలిసిన కొట్టుకి, పట్టపగలు తీసుకెళ్ళి కౌంటర్లో పెట్టి టీ తాగుతాడా అని. 2001లో సుప్రీంకోర్టు ఉమాశంకర్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కేసులో, తెలిసే చేసాడని సాక్ష్యం లేకపోతే ఉత్తినే నోటు ఇచ్చాడని, దగ్గరుందని శిక్ష వెయ్యకూడదని చెప్పిందంట, ఆ తీర్పు కాపీ పెట్టారు. బెయిల్ వచ్చింది.

వచ్చింది గానీ షరతులు. ఆదివారం ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టాలి, సరే. కోర్టు పర్మిషన్ లేకుండా ఒడిశా దాటకూడదు అని ఇంకోటి. ఇది కటక్‌లోనో భువనేశ్వర్‌లోనో ఉన్నోడికి ఒక లెక్కే కాదు. మాకు? నది దాటితే ఆంధ్రా. మా అప్ప ఇల్లు, అత్తారిల్లు, మా అమ్మ కళ్ళ డాక్టరు, జిరాక్స్ పేపర్ కొనే హోల్‌సేల్ షాపు, అన్నీ అవతలే. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు గీసిన గీత మా తాతలకి కూడా ఇంత అడ్డం రాలేదు. మా మేనకోడలు పెద్దమనిషి ఫంక్షన్‌కి నేను వెళ్ళలేదు, మేనమావ చీర పెట్టాలి కదా, మా ఆవిడ చేత పంపించాను, వీడియో కాల్లో చూసాను. అవతలోళ్ళు ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పాలో తెలీక మా అప్ప జ్వరం అని చెప్పిందంట. తర్వాత పిటిషన్ వేస్తే శ్రీకాకుళం జిల్లా వరకు వెళ్ళొచ్చని షరతు సడలించారు, అందుకోసం మళ్ళీ ప్లీడరు ఫీజు, మళ్ళీ వాయిదా.

బ్రోకరు సంగతికొస్తే, మొదట నేనెవరో తెలీదన్నాడంట. ఇక్కడి పోలీసులు అవతల రాష్ట్రానికి వెళ్ళాలంటే అక్కడి స్టేషన్‌కి చెప్పాలి, వాళ్ళు కుదిరినప్పుడు మనిషినిస్తారు, ఇలగ నానింది. ఫోన్‌పే పేరు, కాటా చీటీ ముందర పెట్టేసరికి కొన్నది నిజమే గానీ క్యాష్ నాకు పైనోడిచ్చాడు, నాకూ తెలీదు అన్నాడు. అది అబద్ధమో నిజమో నేను చెప్పలేను, నాకు వాడి మీద కోపం ఉందా అంటే ఉంది, కానీ నేను ఏ మాట చెప్పి కాళ్ళు పట్టుకున్నానో వాడూ అదే మాట చెప్తున్నాడు. నోట్లు పరీక్షకి నాసిక్ నోట్ల ప్రెస్సుకి పంపారు, ఏడూ దొంగవే అని రిపోర్టు వచ్చింది. చార్జిషీటులో నేను ఏ-1, వాడు ఏ-2. నా దగ్గరే దొరికాయి కాబట్టి నేను ముందంట.

ఇది సెషన్స్ కోర్టు విచారించే కేసు, కింది కోర్టు అక్కడికి కమిట్ చేసాక (పంపాక) అరవై రోజుల్లోపు డిశ్చార్జ్ పిటిషన్, అంటే విచారణ మొదలవకముందే కేసులోంచి వదిలెయ్యమని పిటిషన్ వేసుకోవాలి, బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 250. కేసు అక్కడికి చేరగానే ప్లీడరుగారు వేసేసారు, ఆ గడువు తప్పితే కష్టమని ఆయన గుమాస్తా మాకు రోజూ చెప్పేవాడు. ఇందులోనే 180 సెక్షన్ కింద ఉన్న ఎక్స్‌ప్లనేషన్ వాడారు, పాత ఐపీసీలో ఇది లేదు, కొత్తగా పెట్టారు: ఆ నోటు తనకి న్యాయమైన మార్గంలోనే వచ్చిందని మనిషి చూపించగలిగితే దగ్గర ఉన్నందుకు నేరం కాదు. పిక్కలమ్మడం కన్నా న్యాయమైన మార్గం ఏటుంటాది. అట్టముక్క, బ్యాంకు స్టేట్‌మెంట్, తోట ఆర్‌ఓఆర్ పట్టా (భూమి మాదేనన్న రికార్డు), మా పక్కింటాయన వాంగ్మూలం (ఆయన కూడా అదే రోజు అదే బ్రోకరుకి అమ్మాడు), అన్నీ ఒక వరసలో పెట్టారు. సర్కారు లాయరు ఏడు నోట్లున్నాయి, ఒకే నంబర్లున్నాయి, అనుమానం రాలేదా అన్నాడు. జడ్జిగారు కాసేపు ఆ సిగరెట్ అట్టని అటూ ఇటూ తిప్పి చూసారు. తర్వాత వాయిదాకి ఆర్డర్ ఇచ్చారు, నేను రెండు సెక్షన్ల నుంచీ డిశ్చార్జ్. సీజర్ లిస్ట్‌లో రాసినదానికీ వీడియోకీ పొంతన లేదని కూడా అందులో రాసారు.

ఖర్చు లక్ష దాటింది, పిక్కల డబ్బు కన్నా ఎక్కువే. ఊళ్ళో ఇప్పటికీ షాపులో నేను చిల్లరిస్తే కుర్రాళ్ళు 10 రూపాయల నోటుని కూడా ఎత్తి ఎండలో చూసి నవ్వుతారు, మొదట్లో ఏడుపొచ్చేది, ఇప్పుడు నేనూ నవ్వేస్తున్నాను. మా పెద్దోడు స్కూల్లో ఎవడినో కొట్టాడని పిలిచారు, ఎందుకో వాడు చెప్పడు, మాకు తెలుసు.

సీజ్ చేసిన మంచి నోట్లు 36,500 కోసం వేరే పిటిషన్ వెయ్యాల్సొచ్చింది, నంబర్లన్నీ రాసుకుని ఫోటోలు తీసి ఇచ్చారు, మాల్‌ఖానా (సీజ్ చేసినవి దాచే గది) క్లర్కు నా ముందరే మిషన్లో వేసి లెక్కపెట్టాడు. ఫోన్ మాత్రం ఇంకా రాలేదు, ఏ-2 కేసులో సాక్ష్యం అంట. పోయిన వారం ఒక కానిస్టేబులు షాపుకొచ్చి ఒడియాలో ఉన్న కాగితం ఇచ్చాడు, సోదా వీడియో తీసిన కుర్రాడే, ఈసారి నేను చదివించుకున్నాకే సంతకం పెట్టాను. అదే కేసులో సర్కారు తరఫున సాక్షిగా రమ్మని సమన్లు. మళ్ళీ అదే కోర్టు, కాకపోతే ఈసారి బోనుకి రెండో వైపు.